ఇనీషియేషన్‌కి మూడు వారాలే ఉంది, అమ్మాయి మానేస్తానంటోంది

టెక్సాస్ నుంచి ఒక తల్లి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. ఎవరో గుర్తుపట్టగలిగే వివరాలు తీసేసి, అవసరమైనంత వరకు ఇక్కడ చెబుతున్నాను.

వాళ్ళది గుంటూరు వైపు పల్లెటూరు. భర్త ఉద్యోగం మీద అమెరికా వెళ్ళి పద్దెనిమిదేళ్ళయింది. ఒక్కతే కూతురు. పక్క రాష్ట్రంలో ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో రెండో ఏడు చదువుతోంది. ఈ ఆగస్టులో 'రష్'కి వెళ్ళింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో ఆడపిల్లల సంఘాలుంటాయి, వాటినే సొరోరిటీలంటారు. చేరాలనుకునే పిల్లలు వారం రోజులపాటు ఒక్కో సంఘం ఇంటికీ వెళ్ళి అక్కడివాళ్ళతో మాట్లాడతారు. పూటపూటకీ జాబితా తగ్గిపోతుంది. చివరి రోజు ఏ ఇంటి నుంచి పిలుపొస్తే ఆ ఇంటికి వెళ్ళాలి. ఆ పిలుపే 'బిడ్'. కొన్ని వారాల తర్వాత ఇనీషియేషన్ జరుగుతుంది, మన దీక్ష లాంటిది. అప్పటి నుంచి అది జన్మంతా ఉండే సభ్యత్వం.

ఈవిడ కూతురికి క్యాంపస్‌లో అందరూ గొప్పగా చెప్పుకునే పాత సొరోరిటీ నుంచి బిడ్ వచ్చింది. పెద్ద పెద్ద తెల్ల స్తంభాల ఇల్లు, లోపల దాదాపు అందరూ తెల్లపిల్లలే. "ఆ రోజు ఫోన్లో అదీ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మా ఆయన ఆఫీసులో స్వీట్లు పంచారు" అని రాశారు.

నెల తిరిగేసరికి సంబరం చల్లారింది. సంఘం పెట్టే ప్రతి ఫొటోలో ఈ అమ్మాయినే ముందు వరసలో నిలబెడుతున్నారు. ఇంకా దీక్ష కూడా కాలేదు, 'డైవర్సిటీ', అంటే అన్ని జాతులవాళ్ళనీ కలుపుకుపోయే వ్యవహారాలు చూడమని ఆమెకే అప్పగించారు. ఇవి ఎలాగో సర్దుకుంది. విరాళాల కోసం జరిగే ప్రదర్శనలో నల్లజాతి సంఘాలవాళ్ళు వేసే 'స్టెప్' అనే డాన్స్ మనమూ వేద్దాం అనుకున్నారట. "నీ రూమ్మేట్ నల్లమ్మాయే కదా, వచ్చి నేర్పమను" అని అడిగారట. ఆ రూమ్మేట్ అమ్మమ్మ, అమ్మ ఇద్దరూ డెల్టా సిగ్మా థీటా అనే నల్లజాతి సొరోరిటీ సభ్యులు. "అవి మా అమ్మమ్మ వేసిన అడుగులు" అని మాత్రం అని గదిలోంచి వెళ్ళిపోయింది. తర్వాతి మీటింగులో మన అమ్మాయి లేచి ఇది వద్దని చెప్పింది. "డాన్స్ అందరిదీ. విడిగా సంఘాలు పెట్టుకున్నది వాళ్ళు. మనం కలుపుకుపోతున్నాం" అని ఒక సీనియర్ జవాబిచ్చింది.

ఇనీషియేషన్‌కి మూడు వారాలుంది. ఈలోగానే మానేస్తానంటోంది అమ్మాయి. "మానేసి మన ఇండియన్ పిల్లల సొరోరిటీలో చేరు" అంటున్నారు తండ్రి. రూమ్మేట్ వాళ్ళ సంఘంలో చేరతానంటోంది కూతురు. తల్లికి ఏదీ మింగుడుపడటం లేదు. ఆవిడ మాటల్లోనే: "తెల్లవాళ్ళు విడిగా ఉంటే జాతి వివక్ష, నల్లవాళ్ళు విడిగా ఉంటే సంప్రదాయమా? అంత పేరున్న చోటు, అన్ని పరిచయాలు వదులుకోవడం తెలివైన పనేనా? మన పిల్ల వెళ్ళి నల్లవాళ్ళ సంఘంలో చేరడమేమిటి, రేపు సంబంధాలు చూసేటప్పుడు నలుగురూ ఏమంటారు?" ఉత్తరం చివర ఇంకో మాట కూడా రాశారు. "పోయిన థాంక్స్‌గివింగ్‌కి ఆ అమ్మాయిని ఇంటికి తీసుకొస్తానంటే, చుట్టాలొస్తున్నారు వద్దన్నాను. ఆ పిల్లతో మరీ ఎక్కువ తిరగకు అని కూడా అన్నాను. మా అమ్మాయి అది మర్చిపోలేదు."

అమ్మా,

ఆ ఆఖరి మాట రాయకపోయినా మీ ఉత్తరం పూర్తయ్యేది. అయినా రాశారు. దాన్ని దాచుకోకుండా రాశారు కాబట్టి నేనూ మీతో దాపరికం లేకుండా మాట్లాడతాను.

ముందు మీ మొదటి ప్రశ్న. చాలామంది మనవాళ్ళు ఇదే అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు కానీ, జవాబు కోసం నూటపాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి. నేను డిగ్రీ చదివిన ఊళ్ళో కులానికో హాస్టలుండేది. పైనుంచి చూస్తే అన్నీ ఒకలాంటివే: ఒక బోర్డు, ఒక వంటశాల, వరండాలో ఆరేసిన బట్టలు. కొన్ని హాస్టళ్ళు తమ పిల్లలు తమవాళ్ళ మధ్యే ఉండాలని డబ్బున్నవాళ్ళు కట్టించినవి. ఒకటి మాత్రం ఊళ్ళో ఎవరూ గది అద్దెకివ్వని పిల్లల కోసం కట్టింది. రెండూ 'వేరు'గా ఉన్నవే. కానీ మొదటిదాన్ని మూసేస్తే ఆ పిల్లలకి ఇంకో పది ఇళ్ళున్నాయి, రెండోదాన్ని మూసేస్తే ఆ పిల్లలకి చదువే లేదు. ఏదైనా సంఘం వేరుగా కనబడినప్పుడు, అది పుట్టేటప్పటికి దాని పిల్లలకి వేరే తలుపులు తెరిచి ఉన్నాయా లేదా అని నేను ముందు చూస్తాను.

ఆ లెక్కన చూడండి. మీ అమ్మాయికి బిడ్ ఇచ్చినలాంటి పాత సొరోరిటీలు చాలావరకు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుట్టాయి. అప్పట్లో ఆడపిల్ల కాలేజీకి రావడమే వింత. ఆ పిల్లలు తమకో నీడ కోసం కలిశారు, అది నిజంగా మెచ్చుకోవలసిన పనే. సొరోరిటీ అన్న మాట కూడా 1882లో సిరక్యూస్‌లో గామా ఫై బీటా కోసం ఒక లాటిన్ ప్రొఫెసరు సూచించిందే. కానీ ఆ నీడలోకి అందరినీ రానివ్వలేదు. నల్లజాతి పిల్లల్నే కాదు, యూదుల్నీ, చాలాచోట్ల కాథలిక్కుల్నీ బయటే ఉంచారు. అందుకే 1909లో బార్నర్డ్ కాలేజీలో యూదు అమ్మాయిలు ఆల్ఫా ఎప్సిలాన్ ఫై పెట్టుకున్నారు. 1912లో మిషిగన్‌లో కాథలిక్ అమ్మాయిలు థీటా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో 1920ల చివర జపనీస్ కుటుంబాల అమ్మాయిలు కై ఆల్ఫా డెల్టా మొదలుపెట్టారు. వీళ్ళెవరూ వేరుగా ఉందామని సరదాపడి వేరుగా లేరు.

నల్లజాతి అమ్మాయిల మొదటి సొరోరిటీ ఆల్ఫా కప్పా ఆల్ఫా. 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. రూమ్మేట్ అమ్మమ్మ సంఘం డెల్టా సిగ్మా థీటాని 1913 జనవరిలో అక్కడే ఇరవై ఇద్దరు విద్యార్థినులు స్థాపించారు. స్థాపించి రెండు నెలలు కాలేదు, మార్చి 3న వాషింగ్టన్ వీధుల్లో ఆడవాళ్ళ ఓటుహక్కు ఊరేగింపు జరిగింది. వీళ్ళూ వెళ్ళారు. నల్లజాతి ఆడవాళ్ళు ఊరేగింపు చివర నడవాలని నిర్వాహకుల కోరిక. ఓటు కోసం నడిచే ఆడవాళ్ళే సాటి ఆడవాళ్ళని వెనక్కి నెట్టిన రోజది. డెల్టాల మొట్టమొదటి బహిరంగ కార్యక్రమం అదే. ఆ పిల్ల "మా అమ్మమ్మ వేసిన అడుగులు" అన్నప్పుడు దాని వెనక ఇదంతా ఉంది. మరో సంగతి. 1922లో సిగ్మా గామా రో పుట్టింది ఇండియానాపొలిస్‌లో. పెట్టినవాళ్ళు ఏడుగురు టీచరమ్మలు. ఆ రోజుల్లో ఇండియానాలో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల ముఠా బలం పెరుగుతూ ఉంది. ఆ ఏడుగురూ సాయంత్రం ఒకచోట కూడడానికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో ఆలోచించండి.

"అదంతా పాతకథ, ఇప్పుడు నియమాలేవీ అలా లేవు కదా" అని మీరనొచ్చు. నిజమే, కాగితం మీద లేవు. కానీ కాగితం మీదున్నప్పుడూ లేనప్పుడూ ఏం జరిగిందో చూడాలి. 1956లో కార్నెల్‌లో, టఫ్ట్స్‌లో సిగ్మా కప్పా సొరోరిటీ చాప్టర్ల, అంటే క్యాంపస్ శాఖల పిల్లలు నల్లజాతి విద్యార్థినుల్ని చేర్చుకున్నారు. వాళ్ళ జాతీయ సంఘం ఆ రెండు చాప్టర్లనూ సస్పెండ్ చేసింది. ఇక అలబామా విశ్వవిద్యాలయం. 1963 జూన్‌లో గవర్నరు వాలెస్ తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డా, ఇద్దరు నల్లజాతి విద్యార్థులు లోపలికి వెళ్ళారు. చదువు తలుపు ఆ రోజే తెరుచుకుంది. సొరోరిటీ తలుపు? 2013 సెప్టెంబరులో అక్కడి విద్యార్థుల పత్రిక ఒక కథనం వేసింది. మంచి మార్కులు, మంచి పేరు ఉన్న నల్లజాతి అమ్మాయిని చేర్చుకోవాలని లోపలి పిల్లలు కోరుకున్నా, పాత సభ్యులు అడ్డుపడ్డారని ఆ పిల్లలే బయటికి చెప్పారు. అప్పుడు విశ్వవిద్యాలయం జోక్యం చేసుకుని చేరికలు మళ్ళీ తెరిపించింది. యాభై ఏళ్ళు పట్టిందమ్మా, ఒక తలుపుకీ ఇంకో తలుపుకీ మధ్య.

నియమం లేకుండా ఇదంతా ఎలా సాగుతుందంటారా? సిఫారసు ఉత్తరాలు, 'లెగసీ' అంటే తల్లో అమ్మమ్మో సభ్యురాలైతే ఇచ్చే మొగ్గు, పాత సభ్యుల మాట. 2020 తర్వాత చాలా సంఘాలు లెగసీ మొగ్గు తీసేశాయి, అది మంచి మార్పు. అయినా ఒక ఇల్లు ఎవరి కోసం కట్టారో ఆ ఇంటి అలవాట్లు కొన్ని తరాలు ఉంటాయి. మీ అమ్మాయిని ముందు వరసలో నిలబెట్టడం కూడా దాని కిందికే వస్తుంది. ఆ పిల్లలు చెడ్డవాళ్ళని నేననడం లేదు. ఇల్లు మారిందని లోకానికి చూపించాలనే తాపత్రయం వాళ్ళది. ఆ చూపించే పనంతా మీ అమ్మాయి నెత్తిన పడింది.

ఇప్పుడు ఆ డాన్స్ సంగతి. మీ అమ్మాయికీ ఆ సీనియర్‌కీ మధ్య అసలు తేడా అక్కడే వచ్చింది కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

స్టెప్‌లో వాయిద్యం ఉండదు. పాదం నేల మీద, అరచెయ్యి తొడ మీద, చెయ్యీ చెయ్యీ చరిచి, ఒంటితోనే లయ పుట్టిస్తారు. మధ్యలో సంఘం పేరు, పెద్దల పేర్లు పలుకుతారు. 'స్ట్రోల్' అంటే ఒకరి వెనక ఒకరు వరసగా నడుస్తూ వేసేది. ఒక్కో సంఘానికి సొంత అడుగులు, సొంత కేక, సొంత చేతి గుర్తు. వేరే సంఘంవాళ్ళు వాటిని వెయ్యరు, నల్లజాతి సంఘాల మధ్య కూడా ఆ మర్యాద ఉంది.

మీది గుంటూరు వైపు. డప్పు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చావుకీ జాతరకీ డప్పు కొట్టినవాళ్ళని ఊరి బయట ఉంచారు. వాళ్ళ దరువు ఊరికి కావాలి, వాళ్ళు మాత్రం గడప దాటకూడదు. ఇవాళ కాలేజీ ఫెస్టులో ఎవరైనా డప్పు భుజాన వేసుకుని చిందెయ్యొచ్చు, చప్పట్లూ పడతాయి. వెయ్యడమే తప్పని నేననను. ఆ డప్పు ఇంటి పిల్ల అదే కాలేజీలో ఉండగా ఆమెని మన బల్ల దగ్గర కూర్చోనివ్వకుండా, "వచ్చి మాకు దరువు నేర్పి పో" అనడం మాత్రం తప్పు. ఆ రూమ్మేట్‌కి తగిలిన దెబ్బ అది. ఆ ఇల్లు ఆమెకు బిడ్ ఇవ్వలేదు. అసలామె అడగలేదనుకోండి, కానీ వాళ్ళకి ఆమె గుర్తొచ్చింది డాన్స్ మాస్టారుగానే.

ఈ చర్చ కొత్తది కాదు. 2010 ఫిబ్రవరిలో అట్లాంటాలో స్ప్రైట్ కంపెనీ స్టెప్ పోటీ పెట్టింది. సొరోరిటీల విభాగంలో ఆర్కన్సా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన తెల్లజాతి అమ్మాయిల జట్టు, జీటా టౌ ఆల్ఫా, మొదటి బహుమతి గెలిచింది. ఇండియానా విశ్వవిద్యాలయం ఆల్ఫా కప్పా ఆల్ఫా జట్టు రెండోది. పెద్ద దుమారం రేగింది. కొన్నాళ్ళకి మార్కుల లెక్కలో తేడా వచ్చిందని చెప్పి నిర్వాహకులు ఇద్దరినీ మొదటి స్థానంలో నిలబెట్టి, చెరో లక్ష డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చారు. నల్లజాతివాళ్ళలోనే రెండు మాటలు వినిపించాయి. బాగా వేశారు, గెలిచారు, ఇందులో ఏడవడానికేముందన్నవాళ్ళున్నారు. అన్ని చోట్లా మమ్మల్ని బయట ఉంచి, మేం పెంచుకున్న ఈ ఒక్క చోట కూడా ముందు నిలబడతారా అన్నవాళ్ళూ ఉన్నారు. నాకు రెండో మాటే ఎక్కువ తాకింది. అలాగని ఆ గెలిచిన అమ్మాయిల్ని దొంగలనను. వాళ్ళు నల్లజాతి సంఘాలు నిండిన హాల్లోకి, ఆ ప్రేక్షకుల ముందుకి వెళ్ళి నిలబడి వేశారు. మీ అమ్మాయి సంఘంలో జరగబోయేది అదికాదు. ఇక్కడి హాల్లో స్టెప్ తెలిసినవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఆ తేడా మీ అమ్మాయికి తెలిసింది, అందుకే లేచి మాట్లాడింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల నిండు మీటింగులో ఒక్కతే లేచి మాట్లాడిందంటే, ఆ ధైర్యం ఎవరి పెంపకం? ఆ సంగతి ఆమెతో ఒక్కసారైనా అన్నారా?

ఇక ఏం చెయ్యాలన్నది. ఇది మీ నిర్ణయం కాదు, నాదీ కాదు. కానీ ఒక్కో దారిలో ఏముందో తెలిస్తే, మీరు ఫోన్ చేసినప్పుడు కేకలు కాకుండా మాటలు జరుగుతాయి.

అన్నిటికన్నా ముందు ఆ మూడు వారాల విలువ మీ ఇంట్లో అందరికీ తెలియాలి. ఇనీషియేషన్ అయితే ఆమె ఆ సంఘం సభ్యురాలు. ఆ తర్వాత మానేసినా, అలాంటి పాత సొరోరిటీలు ఇరవై ఆరు కలిసి ఉన్న నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ నియమం ప్రకారం వాటిలో ఇంకోదాంట్లో ఎప్పటికీ చేరడానికి వీల్లేదు. నల్లజాతి సొరోరిటీలు కూడా సాధారణంగా అలా దీక్ష అయినవాళ్ళని తీసుకోవు. అంటే "ముందు ఇనీషియేషన్ కానీ, తర్వాత చూద్దాం" అన్న సలహా మీరు ఇవ్వబోతుంటే ఆగండి. అది వాయిదా వెయ్యడంలా కనిపిస్తుంది కానీ, రెండు తలుపులు మూసెయ్యడం. ఇనీషియేషన్‌కి ముందే మానేస్తే నష్టం చిన్నది. అదే క్యాంపస్‌లో ఆ ఇరవై ఆరింటిలో ఇంకోదాంట్లో చేరాలంటే వచ్చే ఏడు రష్ దాకా ఆగాలి. మిగతా సంఘాలకి ఆ అడ్డు లేదు. కట్టిన డబ్బు మాత్రం చాలావరకు తిరిగి రాదు. పోనివ్వండి.

ఉండిపోవడం కూడా ఒక గౌరవమైన దారే. అలబామాలో 2013లో నోరు విప్పింది లోపలి పిల్లలే, వాళ్ళు లేకపోతే ఆ తలుపు ఇంకెన్నాళ్ళకి తెరుచుకునేదో. కానీ వాళ్ళు సభ్యులు, అక్కడ వాళ్ళకి చెల్లుబాటుంది. మీ అమ్మాయి కొత్తది. ఉండాలనుకుంటే ముందు ఒక పని చెయ్యమనండి. సంఘం ప్రెసిడెంటుతో విడిగా కూర్చుని రెండే అడగాలి. ఆ స్టెప్ అంశం తీసేస్తారా? డైవర్సిటీ పని నాకు వద్దు, మీలో ఎవరైనా సీనియర్ చూస్తారా? వచ్చే జవాబుని బట్టి సగం తేలిపోతుంది. తనకక్కడ నిజమైన స్నేహాలు ఏర్పడ్డాయేమో కూడా కనుక్కోండి. మీ ఉత్తరంలో ఇంటి స్తంభాల గురించి ఉంది, అక్కడి ఒక్క పిల్ల పేరు గురించీ లేదు. అది నాకు కొట్టొచ్చినట్టు కనబడింది.

మీవారు చెప్పిన సంఘాల గురించి. దక్షిణాసియా సొరోరిటీలు మూడు ఒకే ఏడు, 1998లో పుట్టాయి. ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. మీ తరం అమెరికాకి వస్తున్న రోజుల్లో అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు, ఇంట్లో అమెరికన్ అనీ బయట ఇండియన్ అనీ అనిపించుకుని విసిగినవాళ్ళు, పెట్టుకున్నవి. పేరుకి దక్షిణాసియా అయినా ఏ జాతివాళ్ళైనా చేరవచ్చు. అక్కడ మీ అమ్మాయి ఎవరికీ తన పేరు ఎలా పలకాలో చెప్పాల్సిన పని ఉండదు, ఫొటోలో ముందు నిలబెట్టరు. అది చిన్న సుఖం కాదు. కానీ తండ్రి కోరిక దేనికో తేల్చుకోండి. కూతురికి ఊపిరాడాలనా, లేక నల్లపిల్లల వైపు వెళ్ళకుండా ఉంటుందనా? రెండోదైతే ఆమె ఇట్టే పసిగడుతుంది. అప్పుడు ఆ మంచి సంఘాన్ని కూడా కంచెలాగే చూస్తుంది.

ఇక మీకు భయం పుట్టించిన మూడో దారి. నల్లజాతి సంఘాల్లో ముఖ్యమైనవి తొమ్మిది, వాటిని డివైన్ నైన్ అంటారు. నాలుగు ఆడపిల్లలవి, ఐదు మగపిల్లలవి. 1930లో హోవర్డ్‌లోనే వాటి ఉమ్మడి మండలి ఏర్పడింది. వేరే జాతివాళ్ళు చేరకూడదన్న నియమం వాటిలో లేదు, చేరినవాళ్ళున్నారు. ఒకప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆల్ఫా కప్పా ఆల్ఫాకి గౌరవ సభ్యురాలు. కమలా హారిస్ కూడా హోవర్డ్‌లో చదివేటప్పుడు 1986లో అందులోనే చేరారు. కానీ ఆమెని చూపించి మీకు నచ్చచెప్పాలని నాకు లేదు. ఆమె తల్లి చెన్నై అమ్మాయి అయినా తండ్రి జమైకావారు, ఆమె నల్లజాతి మహిళగానే తన ఇంటికి తను వెళ్ళారు. మీ అమ్మాయి వెళితే అతిథిగా వెళ్ళి, ఇంటి మనిషి కావాలి.

అందుకని ఆమెని అడగాల్సిన మాట ఒకటుంది, నెమ్మదిగా అడగండి. ఆ సంఘం మీద ప్రేమా, పాత సంఘం మీద కోపమా, స్నేహితురాలికి క్షమాపణ చెప్పుకోవడమా? కోపం ఆర్నెల్లకి తగ్గుతుంది. క్షమాపణకి సభ్యత్వం అవసరం లేదు. ప్రేమ అయితే మటుకు ఆ బాధ్యత పెద్దది. ఆ సంఘాల్లో అసలు జీవితం కాలేజీ అయ్యాకే మొదలవుతుంది. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళు ముప్పై నలభై ఏళ్ళు చాప్టర్లు నడుపుతారు, ఓటర్ల నమోదు దగ్గర్నుంచి ఆడపిల్లల చదువుల దాకా. ఆ పని చెయ్యడానికి సిద్ధమా అని వాళ్ళూ చూస్తారు. రష్‌లాగా వారంలో తేలదు, ప్రతి క్యాంపస్‌లో ప్రతి ఏడూ చేర్చుకోరు. మార్కులు, సేవాకార్యక్రమాలు లెక్కలోకి వస్తాయి. పైగా "నేను ఫలానాలో చేరతాను" అని ముందే చాటుకోవడం అక్కడ మర్యాద కాదు. చేరాలనుకున్న పిల్ల నోరు మెదపకుండా, వాళ్ళు పెట్టే కార్యక్రమాలకి వెళుతూ, చరిత్ర చదువుకుంటూ ఉండాలి. కాబట్టి దయచేసి మీరు ఆ రూమ్మేట్ తల్లికి ఫోన్ చేసి "మా అమ్మాయి గురించి ఒక మాట చెప్పండి" అనొద్దు. మనకి సిఫారసు అలవాటు. అక్కడ అది మీ పిల్లకే చేటు.

ఎక్కడ చేరినా 'హేజింగ్' గురించి మాత్రం అడగండి. మన ర్యాగింగ్ లాంటిదే. నల్లజాతి సంఘాలు 1990లో చేరబోయేవాళ్ళని వారాలపాటు పరీక్షపెట్టే పాత 'ప్లెడ్జింగ్' పద్ధతి రద్దు చేశాయి, అయినా చాటుమాటుగా అన్నిరకాల సంఘాల్లోనూ జరుగుతున్నదే. 2024 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం ఇప్పుడు కాలేజీలు ఆ ఘటనల నివేదిక బయటపెట్టాలి. చదవండి. రాత్రి నిద్రపోనివ్వడం లేదనో, ఎవరికీ చెప్పొద్దన్నారనో ఆమె అంటే, ఏ సంఘమైనా సరే, ఆ రోజే బయటికి రమ్మనండి.

ఏ సంఘంలోనూ చేరకుండా ఉండటం కూడా ఒక దారి. ఎవరూ దాని మాట ఎత్తలేదు. ఆమె చెవిన వెయ్యండి. చదువుకుంటుంది, స్నేహితులుంటారు, ఏ లోటూ రాదు.

పరిచయాలు పోతాయన్నారు. కొన్ని పోతాయి, అబద్ధం చెప్పను. కొన్ని ఊళ్ళలో, కొన్ని ఉద్యోగాల్లో ఆ పాత సొరోరిటీల పేరు పనిచేస్తుంది. అయితే ప్రతి నెలా తన మనసుకి పట్టని పనికి తలూపుతూ సంపాదించే పరిచయం ఎవరి పరిచయమో ఆలోచించండి. వాళ్ళకి తెలిసేది మీ అమ్మాయి కాదు, ఆ ముందు వరస ఫొటో.

సంబంధాల మాట. నలుగురూ ఏమంటారని అడిగారు. అనేవాళ్ళు అంటారు. అయితే ఆ నలుగురికీ, మీకూ కూడా ఒక లెక్క తెలియాలి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారని, పౌరసత్వానికి పనికిరారని చెప్పింది. 1946లో తలుపు కాస్త తెరిచి ఏడాదికి వంద మందిని రానిచ్చారు. దేశం మొత్తానికి వంద. మనవాళ్ళు వేలాదిగా రాగలిగింది 1965 చట్టం వల్ల. నల్లజాతివాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి, పౌరహక్కుల చట్టం, ఓటుహక్కు చట్టం సాధించిన గాలిలోనే, అదే ఏడు అక్టోబరులో ఆ చట్టమూ వచ్చింది. మీవారి వీసా దాని పుణ్యమే. ఆ రూమ్మేట్ అమ్మమ్మ తరంవాళ్ళు వీధుల్లో నడవకపోతే మీరు ఆ థాంక్స్‌గివింగ్ బల్ల అక్కడ వేసేవాళ్ళు కాదు. ఆ బల్ల దగ్గరికి ఆ అమ్మమ్మ మనవరాలిని వద్దన్నారు.

నేను మీ మీద కోపంతో ఈ మాట అనడం లేదు. తెలియక చేశారు, తెలిశాక నలిగిపోతున్నారు. మీ కూతురు ఆ మాట మర్చిపోలేదన్నారు. ఆమెకి ఇవాళ ఆ సంఘంలో సీనియర్ అన్న మాటా, అప్పుడు మీరన్న మాటా ఒకే చోట గుచ్చుకుంటున్నాయి. అందుకే సొరోరిటీ విషయంలో మీరేం చెప్పినా వినబుద్ధి కావడం లేదేమో. ముందు ఆ ముల్లు తీయండి. "నేనలా అనడం తప్పు. చుట్టాలకి భయపడ్డాను" అని రెండు వాక్యాలు చాలు. వెనక "కానీ" పెట్టొద్దు. దానికి ప్రతిగా "మరి నువ్వు ఆ సంఘంలో ఉండు" అని బేరం పెట్టొద్దు. ఆమె ఊరుకుంటే మీరూ ఊరుకోండి.

ఆ రూమ్మేట్‌కి మీరు ప్రత్యేకంగా ఉత్తరం రాయడం, బహుమతులు పంపడం వద్దు. ఆమెకి మీ మాట తెలిసుండకపోవచ్చు, మీ మనసు తేలికపడటానికి ఆమె మీద బరువు పెట్టకూడదు. థాంక్స్‌గివింగ్ పండగొచ్చే నవంబరు ఎంతో దూరం లేదు. అమ్మాయితో ఒకసారి అనండి, స్నేహితుల్ని ఎవరినైనా తీసుకొస్తావా అని. ఆ పిల్ల రాకపోవచ్చు. పండగకి ఆమెకి వాళ్ళ అమ్మమ్మ ఇల్లుంది. వస్తే మాత్రం, చుట్టాలున్న గదిలోనే, మీ పక్కనే విస్తరి వెయ్యండి.